అమ్మ అడగాల్సిన మూడు ప్రశ్నలు

రేష్మ మేడం ఆ నోట్‌బుక్ ఇస్తే రెండు చేతులతో తీసుకున్నాను. అట్ట మీద నా పేరు రాసి ఉంది. కూతురి పేరు కాదు, నాదే. 'పుష్ప, కెజియా వాళ్లమ్మ' అని. బడి మానేసిన పదహారేళ్లకు నా పేరున్న నోట్‌బుక్ మళ్లీ నా చేతికి వచ్చింది. సంతోషం కలగాల్సింది. తెరవకుండా అట్ట మీదే చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను.

"రోజూ సాయంత్రం పావుగంట, పుష్పమ్మా," అంది మేడం. "కెజియా ఒక పేజీ చదవాల. నువ్వు వినాల. విన్నాక మూడు ప్రశ్నలు అడగాల. నువ్వు అడిగింది, ఆ పాప చెప్పింది దీంట్లో రాసి ప్రతి సోమవారం పంపించు. అంతే."

అంతే అంది. నేను మాట మార్చాను.

"మా పాప బాగనే చదువుతాది గదా మేడం?"

"చదువుతాది. ఈ బడిలో అంత గడగడా చదివేవాళ్లు ఇంకొకరు లేరు. నువ్వే చూడు."

కెజియాను పిలిచి తెలుగు పుస్తకంలో ఒక పేజీ తీసి ఇచ్చింది. నాలుగో తరగతి పిల్ల. రెండు కాళ్లు దగ్గర పెట్టుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. ఆదివారం మా ప్రార్థన మందిరంలో వాక్యం చదివే రాగమే. వరస అయిపోగానే ఆగడం, ఊపిరి తీసుకోవడం, మళ్లీ వరస. మాట సగంలో తెగిపోయినా సరే, వరస చివర ఆగాల్సిందే. ఒక్క అక్షరం తప్పు పోలేదు. నాకు గర్వంగానే ఉంది.

"ఎవరి ఆవు తప్పిపోయింది కెజియా?" అడిగింది మేడం.

కెజియా మేడం వైపు చూసింది. నా వైపు చూసింది. తర్వాత పేజీ మొదటి వరస మళ్లీ అందుకుంది.

"చదవద్దు పాపా. చెప్పు. ఆవు ఎవరిది?"

"ఆవు..." అని ఆగిపోయింది. "కావాలంటే మళ్లా చదువుతా మేడం. ఇంకా గట్టిగా చదువుతా."

మేడం దాని తల నిమిరి బయటికి పంపింది. తర్వాత నాతో మెల్లగా చెప్పింది. ఏప్రిల్‌లో హిందూపురంలో గురుకులం ప్రవేశపరీక్ష ఉంది. దాంట్లో ఒక కథ ఇచ్చి ప్రశ్నలు అడుగుతారు. ఇట్లాగే ఉంటే సీటు రావడం కష్టం.

ఆ సీటు రాకపోతే ఏమవుతుందో మేడం చెప్పలేదు. నాకు చెప్పాల్సిన పని లేదు. మా ఊళ్లో బడి ఐదో తరగతి వరకే. ఆ తర్వాత పెనుకొండకు పోవాలి, ఆరు కిలోమీటర్లు, ఊళ్లోకి బస్సు లేదు. మా వీధిలో ఐదు అయిపోయిన ఆడపిల్లలు ఒక ఏడాది పోతారు, రెండో ఏడాది వర్షాకాలంలో మానేస్తారు. 'ఈ ఏడు ఇంట్లో ఉండు, వచ్చే ఏడు పోదువు' అంటారు. నాకూ అదే మాట చెప్పారు. మాది ధర్మవరం. మా అమ్మ మగ్గాల ఇళ్లల్లో అచ్చులు అతికేది. మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తే, కొత్త పడుగులో ఒక్కో పట్టుపోగును పాతదాని కొనకు మెలేసి కలపాలి, వేల పోగులు. నా వేళ్లు సన్నం. ఏడో తరగతి మధ్యలో 'ఈ ఏడు ఉండు' అంది. ఆ వచ్చే ఏడు ఇంతవరకు రాలేదు.

చదవడం నాకు రాదని కాదు. వస్తుంది. పెదాలు కదుపుకుంటూ, వేలు పెట్టుకుని, ఒక్కో మాట. ఎంత నిదానమో మా అత్తగారింట్లో ఎవరికీ తెలియదు. ఎవరైనా కాగితం చేతికిస్తే, "పాపా, నువ్వు చదువు," అని కెజియాకు అందించేదాన్ని. అది గడగడా చదివేది. నా గుట్టు దాగేది.

దానికి అట్లా చదవడం నేర్పింది నేనే. ఆరేళ్లప్పుడు దేవసహాయం అయ్యగారు, మా పాస్టరు, ఒకసారి దానిచేత రెండు వచనాలు చదివించారు. ఆ రోజు ఆడవాళ్లంతా దాని బుగ్గలు పుణికి మెటికలు విరిచారు. అప్పటినుంచి శనివారం శనివారం నేను దగ్గర కూర్చుని సాధన చేయించేదాన్ని. ఒక వచనం నంబరు మొదలుకొని ఇంకో నంబరు వరకు ఆగకూడదు. తడబడితే మొదటినుంచి. ఒకసారి అది ఆగి, "అమ్మా, ఈ మాటకి ఏమర్థం?" అని అడిగింది. "వాక్యం మధ్యలో మాట్లాడగూడదు, చదువు," అన్నాను. నాకు ఆ మాట అర్థం తెలియదు. అందుకని అట్లా అన్నాను. మళ్లీ ఎప్పుడూ అది అడగలేదు.

మొదటి రోజు సాయంత్రం నోట్‌బుక్ ముందు పెట్టుకుని కూర్చున్నాం. అవి చింతపండు రోజులు. హిందూపురం మండీ నుంచి వ్యాపారి బస్తాలు దించిపోతాడు, మేము పెంకు తీసి, గింజలూ ఈనెలూ ఏరి ఇవ్వాలి. గుట్ట ముందు నేను, ఆ పక్క మా అత్త జయమ్మ, మధ్యలో పుస్తకం పట్టుకుని కెజియా. అది చదివేసింది. నేను ఆ వేగాన్ని అందుకోలేకపోయాను. ప్రశ్న అడగాలంటే నాకు జవాబు తెలియాలి కదా. తప్పు చెప్పినా నేను తలూపితే? ఒప్పు చెప్పినా నేను కాదంటే?

"అమ్మా, అడుగు."

"ఉండు, అడుగుతా."

చింతగింజలు తీస్తూ ఆలోచించాను. ఒక్కటీ తట్టలేదు. చివరికి పాఠం వెనక అచ్చయిన ప్రశ్నలు కనిపించాయి. పక్కింటి రామక్క మనవరాలి దగ్గర గైడు ఉంది. ప్రశ్నలు పుస్తకంలోంచి, జవాబులు గైడులోంచి. నేను ప్రశ్న రాశాను, అది జవాబు రాసింది. ఎవరూ ఏమీ అడగలేదు, ఎవరూ ఏమీ చెప్పలేదు. సోమవారం ఎర్ర సిరాతో 'గుడ్' వచ్చింది. కెజియా వీధి చివరినుంచే అరుస్తూ వచ్చింది, "అమ్మా, మేడం నీకు గుడ్ పెట్టింది!" అని. నాలుగు సోమవారాలు నాలుగు గుడ్లు. ప్రతి గుడ్డుకీ నాకు నిద్ర తగ్గింది. మేడం ఒకరోజు దాన్ని నిలబెట్టి, 'మీయమ్మ నిన్నేం అడిగింది?' అంటే? పరీక్ష దగ్గరికి వచ్చేస్తోంది. నేను మేడాన్ని మోసం చేస్తున్నానా, నా బిడ్డనా? పోయి చెప్పేద్దామని రెండుసార్లు బడి గేటు దాకా పోయి తిరిగి వచ్చాను.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆరాధన అయిపోయాక దేవసహాయం అయ్యగారు జేబులోంచి ఒక కాగితం తీశారు.

"హిందూపురంలో ఎవరో దాతలు కంటి శిబిరం పెడతాండారంట. ఉచితంగా ఆపరేషన్. నేను అద్దాలు తెచ్చుకోలేదు. పాపా కెజియా, రా తల్లీ, చదువు."

కెజియా ఎప్పటిలాగే ప్లాస్టిక్ కుర్చీ ఎక్కింది. కాగితం నిటారుగా పట్టుకుంది. ఏ రాగం అలవాటో ఆ రాగమే అందుకుంది. "మధుమేహము కలవారు రక్తపరీక్ష, నివేదికను విధిగా వెంట తీసుకొని, రావలెను" అంటూ, వరస వరసకీ ఆగి, చివరి మాటను బాగా సాగదీసి ముగించింది. అది సాగదీసిన తీరుకి మందిరంలో ఉన్న నలభై మందీ ఒక్క గొంతుతో అన్నాం:

"ఆమెన్!"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అయ్యగారు కూడా నవ్వి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఎప్పుడు, ఎక్కడ అనేది మాత్రం ఆయన నోటితో ఇంకోసారి చెప్పారు. ఆమెన్ అన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

బుధవారం మా ఊరినుంచి ఆరుగురు బయలుదేరారు. మా అత్తకు షుగరు ఉంది. కుడికన్ను పూర్తిగా తెల్లబడి రెండేళ్లయింది, ఎడమది కూడా మసకలో పడింది. ఉతికిన తెల్లచీర కట్టి, బలం కావాలని రెండు రాగిముద్దలు తిని ఆటో ఎక్కింది. సాయంత్రం దిగేటప్పుడే ఆమె నడక చూసి పని కాలేదని తెలిసిపోయింది.

"ఏమైందత్తా?"

"ఏమయ్యేదుండాది? పోతిమి, వస్తిమి. హిందూపురం బస్సు చూసినాం గదా, సాలు." మెట్టు మీద కూలబడింది. "షుగరు చూపించిన కాగితం యాడ అనె. ఏం కాగితమప్పా అంటి. మీకు చెప్పలేదా అనె. ఎవరూ చెప్పలేదంటి. ఆ నర్సమ్మ ఇంత కాగితం తీసి, ఇదే మీ ఊరికి పంపించినాము, దీంట్లో రాసుండాది, మీ ఊర్లో చదివేవాళ్లు ఎవరూ లేరా అనె. మా మనవరాలే చదివింది, మేమంతా ఆమెన్ అంటిమి అని ఏ మొహం పెట్టుకోని చెప్పేది?"

నా భర్త క్రాంతి కుమార్ అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. ఫ్యాక్టరీ బస్సు నడుపుతాడు. నవ్వు ఆపుకోలేకపోయాడు. "కంటి శిబిరానికి కూడా ఆమెన్ చెప్పిన ఊరు మనదేమ్మా!"

"నవ్వు నాయనా, నవ్వు. కన్ను నీది గాదు గదా."

కెజియా తలుపు వెనక నిలబడి ఉంది. ఏడుస్తోంది.

"నేను చదివినా అవ్వా. ఒక్క అక్షరం ఇడ్సలేదు. కావాలంటే ఇను." వెక్కుతూనే కళ్లు మూసుకుని మొత్తం చెప్పేసింది. మధుమేహము కలవారు రక్తపరీక్ష నివేదికను విధిగా. ఒక్క మాట పోలేదు. మూడు రోజులుగా అంతా దాని నోట్లోనే ఉంది.

"మధుమేహమంటే ఏందే?" అడిగింది అవ్వ.

"తెల్దు."

"షుగరు," అన్నాను నేను. ముగ్గురూ నా వైపు తిరిగారు. "షుగరే అత్తా. పెనుకొండ ఆసుపత్రి గోడ మీద రాసుండాది. నేను చదివినా ఒకసారి."

"నీకు తెలిసే ఉండెనా?" అంది మా అత్త. కోపంగా కాదు. నిజంగా ఆశ్చర్యపోయి అడిగింది. "మరి ఆ పొద్దు చెప్పలేదేమ్మే?"

ఆ రోజు నా బిడ్డ ఎంత బాగా చదువుతోందో అని వింటున్నాను గానీ, ఏం చదువుతోందో వినలేదు. అది కుర్చీ మీద నిలబడితే ఎవరెవరు చూస్తున్నారో చూసుకుంటున్నాను. మేడం చెప్పింది కెజియా గురించి అనుకున్నాను. నా గురించి కూడానని ఆ మెట్టు మీద తెలిసింది.

మరుసటి రోజు సాయంత్రం కెజియా పుస్తకం తెచ్చుకుని కూర్చుంది. నేను గైడు తీసుకురమ్మని చెప్పబోతున్నాను. మా అత్త చింతపండు మీదినుంచి చేతులు తీసి కొంగుకు తుడుచుకుంది.

"మే కెజియా. ఒక మాట చెప్తాండా ఇను. నాకు కన్నే పోయింది, చెవులు పోలేదు. ఇంకమీద నువ్వు ఏది చదివినా, నాకు అర్థమయ్యేదాకా నేను ఆమెన్ అనను. ఊరంతా అన్నా నేను అనను. చదువు."

కెజియా చదివింది. ఆ తప్పిపోయిన ఆవు పాఠమే. రెండో వరస దాటగానే అవ్వ చెయ్యెత్తింది.

"ఉండు. ఆవు తప్పిపోయింది అంటివి. కట్టెయ్యలేదా ఆయప్ప?"

కెజియాకు అలవాటు లేదు మధ్యలో ఆగడం. బిత్తరపోయి నన్ను చూసింది. "అవ్వా, మధ్యలో మాట్లాడగూడదు."

"ఎవరు చెప్పినారు?"

కెజియా నా వైపు వేలు చూపించింది.

"మీయమ్మకేం తెలుసు? గొడ్డును కట్టెయ్యకుండా నిద్రపోయే రైతు ఉంటాడా? రాసుంటాది చూడు."

"రాయలేదవ్వా."

"చూడకుండానే చెప్తాండావే. చూడు."

కెజియా వేలు పెట్టి వెనక్కి పోయింది. నేనూ పక్కకు వంగి చూశాను. నా వేలూ దాని వేలూ ఒకే వరస మీద ఉన్నాయి. అది మొదటిసారి నా అంత నిదానంగా చదివింది. "గంగన్న... ఆవును... పాత తాడుతో..." ఆగింది. తల పైకెత్తింది.

"పాత తాడంట అవ్వా! పాత తాడుతో కట్టినాడంట! తెంపుకోని పోయింటాది!"

"అదీ. ఇప్పుడు చెప్పు ఎవరి ఆవో."

"గంగన్నది! ఆయప్ప కొత్త తాడు కొనలేదు, అందుకే!"

కొత్త తాడు సంగతి పుస్తకంలో లేదు. అది తనే కలిపింది. నేను చింతపండు వదిలేసి నోట్‌బుక్ తీశాను. 'ప్రశ్న: ఆవును కట్టెయ్యలేదా? అడిగింది: మా అత్త జయమ్మ.' కెజియా చెప్పిందే దాని మాటల్లో రాశాను. ఆ కింద ఇట్లా రాశాను: 'మేడం, ముందు నాలుగు వారాలు నేను ఏమీ అడగలేదు. గైడులో చూసి రాసినాము. పాప తప్పు లేదు. నేను ఏడు వరకే చదివినాను. చాలా నిదానంగా చదువుతాను. అడగడం నాకు తెలియదు.'

ఇన్ని మాటలు రాయడానికి అరగంట పట్టింది. సోమవారం కెజియా బడికి పోయిన దగ్గర్నుంచి తిరిగి వచ్చేవరకు ఏ పనీ చేతికి రాలేదు. గింజలు చింతపండులో వేసి, చింతపండు గింజల్లో వేశాను. మేడం ఊళ్లో చెబుతుందేమో. కెజియా పరీక్ష దరఖాస్తు ఆపేస్తుందేమో.

నోట్‌బుక్ తెరిస్తే ఈసారి 'గుడ్' లేదు. 'తాడు గురించి నేను పదేళ్లుగా ఈ పాఠం చెబుతూ ఎప్పుడూ అడగలేదు. మీ అత్తగారికి నమస్కారం చెప్పు. జవాబు తెలిస్తేనే ప్రశ్న అడగాలని లేదు పుష్పమ్మా. నీకు తెలియనిదే అడుగు. ఇద్దరూ కలిసి వెతకండి' అని ఉంది. ఆ నాలుగు వరసలు నేను మూడుసార్లు చదివాను.

కానీ భయం పోలేదు. ఇంకో రకం భయం మొదలైంది. ముందు ఒక్క సాయంత్రంలో నాలుగు పేజీలు దూసుకుపోయే పిల్ల ఇప్పుడు ఒక పేజీ దగ్గరే పొద్దు గడిపేస్తోంది. మా అత్త ఊరుకోదు. "వాడు నవ్వినాడంటాండావు, ఎందుకు నవ్వినాడు?" "ఆ పిల్ల అబద్ధం చెప్పింది గదా, వాళ్లమ్మకు తెలిసిందా లేదా?" నేనూ మెల్లగా అడగడం నేర్చుకున్నాను. తెలియని మాట వస్తే, "ఇది నాకూ తెల్దు పాపా, కింది వరస చూద్దాం," అనేదాన్ని. ఆ మాట మొదటిసారి చెప్పినప్పుడు కెజియా నన్ను ఎగాదిగా చూసింది. "నీకు కూడా తెల్దా?" అంది. నన్ను చిన్నచూపు చూస్తుందేమో అనుకున్నాను. అది జరిగి నా పక్కకు వచ్చి ఆనుకుని కూర్చుంది.

అయినా దినాలు తరుగుతున్నాయి. క్రాంతి ఒకరోజు షూ విప్పుకుంటూ అన్నాడు:

"బాగనే ఉండాది మీ కోర్టు. సాక్షిని నిలబెట్టి అడిగినట్లు అడుగుతాండారు. పరీక్షలో మా అమ్మ పక్కన కూచోదు పుష్పా, గడియారం కూచుంటాది."

ఆ మాట నా గుండెలో ముల్లులా దిగింది. అబద్ధం కాదు కదా. నేనే దాని వేగం పాడుచేశానా? ఉన్నదీ పోగొట్టానా?

మార్చిలో మళ్లీ కంటి శిబిరం కాగితం వచ్చింది. ఆదివారం అయ్యగారు అద్దాలు పెట్టుకునే వచ్చారు గానీ, అలవాటుగా కెజియానే పిలిచారు. అది కుర్చీ ఎక్కింది. రాగం లేకుండా మొదలుపెట్టింది. మూడో వరస దగ్గర ఆగిపోయింది. వెనక్కి పోయి అదే వరస మళ్లీ చూసుకుంది, పెదాలు మాత్రమే కదుపుతూ. నా పక్కన రామక్క నా మోచేతిని పొడిచింది.

"ఏమ్మే పుష్పా, బిడ్డ చదువు మర్చిపోయిందా? గైడు తెచ్చియ్యాల్నా?"

చుట్టూ ఇద్దరు ముగ్గురు నవ్వారు. కెజియా నన్ను చూసింది. పాత రోజుల్లో అయితే నేను 'చదువు, ఆగొద్దు' అని కళ్లతో చెప్పేదాన్ని. ఆ చూపు నా కళ్లలోకి వచ్చేసింది కూడా. దాన్ని ఎట్లాగో మింగి, తల ఊపాను. నిదానంగా చూసుకో అని.

"అయ్యగారూ," అంది కెజియా. "ఈడ ఒకటి రాసుండాది. 'గతంలో తిరిగి పంపబడినవారు మరల పేరు నమోదు చేయించుకొనవలెను' అని. అంటే మా అవ్వవాళ్లు మళ్లా పేరు రాయించాల్నా? యాడ రాయించాల? ఎప్పటిలోగా?"

అయ్యగారు లేచి వచ్చి కాగితంలోకి వంగారు. వేలు పెట్టి చదివారు. "అవును తల్లీ. కింద ఉండాది చూడు. మంగళవారంలోగా, పెనుకొండలో."

"రేపు గాక ఎల్లుండే!" అన్నారు వెనకనుంచి ఎవరో.

కెజియా కాగితం మడిచి చేత్తో పట్టుకుంది. "దీంట్లో మూడు మాటలుండాయి. పోయినసారి వెనక్కి వచ్చినోళ్లు మంగళవారంలోగా పెనుకొండలో పేరు రాయించాల. షుగరు ఉన్నోళ్లు రక్తం చూపించుకుని ఆ కాగితం తీసుకుపోవాల. తోడు ఒక మనిషి ఉండాల, ఒంటిగా పోతే చేర్చుకోరు."

అలవాటైన ఆ చివరి సాగదీత లేదు కదా, ఆమెన్ ఎక్కడ అనాలో ఎవరికీ తెలియలేదు. అప్పుడు ముందు వరసలోంచి మా అత్త గొంతు వినిపించింది.

"ఇప్పుడు అనొచ్చు. ఆమెన్."

నవ్వులతో పాటు అందరూ అన్నారు. ఈసారి రామక్క నా చెయ్యి పట్టుకుని, "ఆ షుగరు కాగితం యాడ రాయిస్తారంట?" అని అడిగింది. కెజియాను అడుగు అన్నాను.

మా అత్త కుడికన్నుకు ఆపరేషన్ అయింది. నల్లద్దాలు పెట్టుకుని మెట్టు మీద కూర్చుని, వీధిలో పోయేవాళ్ల చీరల రంగులు చెబుతూ ఉండేది. అది బాగానే అయింది. పరీక్ష ఇంకా ముందుంది.

ఏప్రిల్‌లో ఆ ఆదివారం కెజియా మొదటిసారి ఆరాధన మానేసింది. ఇద్దరం పెనుకొండలో బస్సెక్కి హిందూపురం పోయాం. గేటు దగ్గర దాని చేతిలో రెండు పెన్నులు పెట్టాను. "బిన్నా రాయి, టైం చాలదు," అన్నాను. వెంటనే, "కాదు, అర్థం చేసుకోని రాయి," అన్నాను. "ఏదమ్మా, బిన్నానా, అర్థం చేసుకోనా?" అంది. రెండూ అన్నాను. అది లోపలికి పోయింది. గోడ నీడలో తల్లులందరం రెండు గంటలు నిలబడ్డాం. ఒకామె బిడ్డ మూడు గైడ్లు బట్టీ పట్టిందట. నేను నా వేళ్ల గోళ్లు చూసుకుంటూ ఉన్నాను. చింతపండు నలుపు ఎంత తోమినా పోలేదు.

గంట కొట్టారు. పిల్లలు పరిగెత్తుకుంటూ వచ్చారు. కెజియా చివర్లో నడిచి వచ్చింది.

"జవాబులకు నింపే గుండ్రాలు నాలుగు మిగిలిపోయినాయమ్మా," అంది. "కథ రెండుసార్లు చదివినా. లెక్కలకి వచ్చేసరికి టైం అయిపోయె. ఆడుండే మేడం కాగితం లాక్కునె."

నాలుగు. క్రాంతి చెప్పిన గడియారం నా నెత్తి మీదే కొట్టినట్లయింది. రెండుసార్లు ఎందుకు చదివినావు అని నాలుక చివరి వరకు వచ్చింది. ఆపుకున్నాను. దాహమేస్తోందంటే చెరకురసం ఇప్పించాను. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. బస్సు సోమందేపల్లి దాటింది. తర్వాత అడిగాను.

"ఏం కథ ఇచ్చినారు పాపా?"

దాని మొహం మారింది. "గొర్రెలాయప్ప కథ. ఎండాకాలం మందను తోలుకోని దూరం పోతాంటాడు. ఒక గొర్రెపిల్లకు కాలు కుంటి. ఆయప్ప ఏం చేసినాడో తెలుసా, ముందు పోయే పొట్టేలు మెడలో గంట తీసి, ఆ కుంటిపిల్లకు కట్టినాడు. ఎందుకు కట్టినాడు అని అడిగినారు."

"ఎందుకు?"

"నువ్వే చెప్పు."

నేను ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను. "తెల్దు పాపా."

"అది వెనకబడిపోతే గంట చప్పుడు దూరమైతాది గదా! అప్పుడు ఆయప్పకు తెలుస్తాది, ఆగుతాడు. అందంగా ఉంటాదని ఒకటి ఇచ్చినారు, పండగని ఒకటి ఇచ్చినారు. అవి కాదు. దూరమైతే తెలుస్తాదని ఉండేదానికి నేను గుండ్రం నింపినా."

నేను దాని తల నా భుజానికి ఆనించుకున్నాను. కాసేపటికి అది మళ్లీ లేచి కూర్చుంది.

"కానీ అమ్మా, ఒకటి వాళ్లు అడగలేదు. ముందు పోయే పొట్టేలుకి గంట లేకుంటే, మిగతా గొర్రెలు దేని వెనక పోతాయి? దారి తప్పవా? అది చూసుకోవడానికే రెండోసారి చదివినా. యాడా రాయలేదు."

"నాకూ తెల్దు. మీ అవ్వని అడుగుదాం. చిన్నప్పుడు ఓబులదేవరచెరువు పక్క గొర్రెలు కాసింది."

ఇంటికి వచ్చేసరికి మా అత్త మెట్టు మీదే ఉంది. దూరం నుంచే మమ్మల్ని గుర్తుపట్టి చెయ్యి ఊపింది. బాగా రాసినావా, సీటు వస్తాదా అని ఆమె అడగలేదు. "ఏం కథ ఇచ్చినారే?" అంది. కెజియా చెప్పులు కూడా విడవకుండా ఆమె పక్కన కూర్చుని మొదలుపెట్టింది.

ఫలితాలు వచ్చే నెలంట. ఆ నాలుగు గుండ్రాలు నా కళ్లముందే ఉన్నాయి. లోపలికి పోయి నోట్‌బుక్ తెచ్చుకుని తారీఖు వేశాను. మొదటి ప్రశ్న కెజియాదే రాశాను. జవాబు దగ్గర ఖాళీ వదిలాను. మా అత్త నల్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "ఉండు, మంద ఎంత పెద్దదో చెప్పినాడా ఆయప్ప?" అంటోంది.